ఎర్రగుంజ నుంచి తెల్లగుంజ దాంక

2021 సెప్టెంబర్ 6, సోమారం

ఆఫీసు రిజిస్టర్ల పడవ నంబరు, టైము, లెక్క తప్ప ఇంకో అక్షరం రాయొద్దన్నది మేడం. మరి నాకు కనిపించినయి, అనిపించినయి యాడ రాయాలె? గందుకే వచ్చేటప్పుడు మేళ్లచెరువుల దిగి గీ నోటుబుక్కు కొన్న. ఇది ఎవ్వలికీ చూపేది కాదు.

కరోనాతోని చీరల ఆర్డర్లు బందైనయ్. ముప్పయ్యేండ్లు పోగులకు చిటికి కట్టి, రంగేసి చీరలు నేసిన రాంచందర్ ఇయ్యాల కృష్ణ ఒడ్డున కాకీ అంగి ఏస్కొని పడవల స్పీడు చూస్తున్నడు. చౌటుప్పల్ ఏజెన్సోడు తెచ్చి గీ ఎర్రగుట్ట రేవుల పడేసిండు. నా పెండ్లాం అండాలు, మగ్గం ఇంటికాడనే ఉన్నయ్.

పని చెప్తే నవ్వొస్తది. రేవుల ఒక ఎర్రగుంజ, వంద మీటర్ల అవుతల ఒక తెల్లగుంజ. ఈడికెల్లి ఆడిదాంక పడవ పోవుడుకు నలభై సెకండ్లన్న పట్టాలె. అంతకంటే జల్ది దాటితే మార్కు. మూడు మార్కులు పడితే పడవను ఆరు నెలలు గొలుసుకు కట్టేస్తరు. పోయినేడు ఎవడో దౌడు తీస్తే లేచిన అలకు పుట్టి తిరగబడి చాపలు పట్టేటోళ్లు ఇద్దరు పోయిండ్రట. గందుకే గీ కానూన్.

"సెల్‌లో టైమర్ పెట్టుకోండి రాంచందర్ గారూ" అన్నది ఉమారాణి మేడం. రేవు ఇన్‌చార్జి ఆమెనే, నా బిడ్డంత ఉంటది. సెల్లు చూడాలంటే అద్దాలు పెట్టాలె. అద్దాలు పెడితే పడవ కండ్లకు అలుక్కపోతది. తీస్తే సెల్లు అలుక్కపోతది. నాకు సెల్లు అక్కరలేదు మేడం అన్న. నా మగ్గం దెబ్బ నిమిషానికి అరవై, చిన్నగున్నప్పుడు బాపు గోడ గడియారం ముంగట కూసోబెట్టి నేర్పిచ్చిండు. తొడ మీద చెయ్యి ఏస్కుంట లెక్కపెడుతా అన్న. ఆమె నమ్మలే. కండ్లు మూసుకొమ్మని టైము పట్టింది. సరిగ్గా అరవై! మేడం నోరు తెరిసింది. "మీరే మా గడియారం" అన్నది.

ఇంటికాడ గీ మాట ఎవ్వలూ అనలే ఇన్నేండ్లల్ల.

సెప్టెంబర్ 7

రేవుల ఆరు పడవలు తిరుగుతయ్. మూడో నంబరు పడవ సైదులుది. ముప్పై ఐదేండ్లుంటయ్. ఒక కాలు సన్నగ, చిన్నప్పటి నుంచి అంతేనట. ఒడ్డు మీద కుంటుతడు, పడవల ఎక్కితే రాజు లెక్క నిలబడుతడు.

పొద్దుగాలనే ఆకుల చుట్టి రెండు బొచ్చె చాపలు తెచ్చిండు. "అన్నా, కొత్తగ వచ్చినవ్, కూరకేం తిప్పలు పడుతవ్, వండుకో" అన్నడు.

ఊరికెనే ఎవడిస్తడు? చీరలు కొనే మా సేటు సుత గిట్లనే తియ్యగ మాట్లాడుకుంట, చాయ్ పోసుకుంట, చివరికి చీరల ఏదో ఒంక చూపెట్టి తిప్పి పంపేటోడు. తియ్యగ మాట్లాడేటోన్ని చూస్తే నాకు పెయ్యంతా మంట. ఆరుగురిల గీయనొక్కడే ఎందుకు తెచ్చిండు? తీస్కపో అన్న. మొఖం చిన్నగ చేస్కొని పోయిండు. మస్తు నటన.

సెప్టెంబర్ 9

మూడో నంబరు, 43. కావాల్నని మెల్లగ పోయిండు, నన్ను నమ్మిచ్చుటానికి.

సెప్టెంబర్ 14, మంగళారం

దొరికిండు. 37.

ఇయ్యాల పొద్దటి నుంచి వాని పడవనే చూస్తున్న. అవుతలి ఒడ్డుకెల్లి పది మందిని ఎక్కిచ్చుకొని వచ్చిండు. ఎర్రగుంజ కాడికి రాంగనే నేను రెప్ప కొట్టలే. చెయ్యి తొడ మీద ఏస్కుంట లెక్కపెట్టిన. తెల్లగుంజ దాటేసరికి 37. మార్కు రాసి సంతకం పెట్టుమన్న.

"గంత జల్ది రాలేదన్నా, రోజొచ్చినట్టే వచ్చిన" అన్నడు. దొరికినోడు ఎవడన్న దొరికిన అంటడా?

వాని ఎన్కనే లింగయ్య పడవ వచ్చింది. ఇంజన్ చప్పుడుకు చెవులు పగులుతయ్. నేనప్పుడు సద్ది తింటున్న. నోట్లె ముద్ద ఉండంగనే లెక్కపెట్టిన, 42. లింగయ్య మోటోడు, మాట మంచిగుండదు, కని మోసం తెల్వని మనిషి.

సెప్టెంబర్ 17

ఒడ్డుకు మేకలు మేపే సుక్కమ్మ ఉన్నది. అరవై దాటినయ్. నన్ను తమ్మీ అంటది. ఇయ్యాల వచ్చి నా పక్కకు కూసోని అడగకుంటనే చెప్పుడు మొదలువెట్టింది.

"మొన్న సైదులుకు మార్కేసినవట గదా తమ్మీ. నా మేకలు గప్పుడు నీళ్లల్ల మూతి పెట్టి తాగుతున్నయ్. అల వస్తే మేక మూతి తీసి ఎన్కకు దుంకుతది. ఒక్కటి సుత దుంకలే. వాడు మెల్లగనే వచ్చిండు."

నీకేమన్న ఇచ్చిండా అక్కా అని అడిగిన.

"ఏమిస్తడు వాడు?" అని నవ్వింది.

నవ్వుడేంది? మేకలను అవుతలి ఒడ్డుకు దాటిచ్చేది సైదులే. ఇద్దరు ఒకటే. గీమె రోజు సరిగ్గ ఎర్రగుంజ కాడనే ఎందుకు మేపుతది? గడ్డి అవుతల ఇంకా మంచిగున్నది.

సెప్టెంబర్ 20

సుక్కమ్మ మేకలను అదిలిస్తది గదా, "హుర్ర్" అని. సైదులు పడవ ఎర్రగుంజ కాడికొచ్చేముందు రెండు సార్లు అదిలిచ్చింది. సైగ. నేను చూస్తున్ననని వానికి చెప్తున్నది.

లింగయ్య వచ్చినప్పుడు సుత అదిలిచ్చింది. అది నన్ను ఏమార్చుటానికి.

సెప్టెంబర్ 24, శుక్రారం

35. రెండో మార్కు.

సైగ చేసినా దొరికిండు! నాతోనా?

ఈసారి సైదులు పడవ దిగి కుంటుకుంట నా దగ్గరికి వచ్చిండు. "అన్నా, నీకు దండం పెడుత. నీ లెక్క పక్కన పెట్టి ఒక్కసారి సెల్లు పెట్టి చూడు" అన్నడు. నా లెక్క మేడమే చూసింది, నువ్వెవ్వలివి చూడమనెతందుకు అన్న. "ఇంకో మార్కు పడితే నా బతుకు ఆగమైతదన్నా. ఒడ్డు మీద నాకు పనెవ్వడు ఇస్తడు?" అన్నడు.

కాలు చూపెట్టి జాలి సంపాయిస్తడని నాకు ముందే ఎర్క. అయినా ఒక ముచ్చట రాయాలె. కాలు దిక్కు వాడు చెయ్యి సుత చూపలే. నా మొఖమే చూసిండు. గదే నాకు ఇంకా కోపం తెప్పిచ్చింది.

సెప్టెంబర్ 27

అండాలు ఫోన్ చేసింది. సైదులు సంగతి చెప్పిన. "పాపం, ఒక్కసారి సెల్లు పెట్టి చూస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నది. గీమెకు గా మాట ఎవ్వలు చెప్పిండ్రు? అచ్చం వాడన్న మాటే. ఏజెన్సోని ద్వారా ఇంటిదాంక పోయిండా ఏంది?

రాసినంక నాకే నవ్వొచ్చింది. కని కొట్టేస్తలేను. ఉండనీ.

అక్టోబర్ 1

సైదులు 41. సైదులు 40. సైదులు 42. బెదిరిండు.

అక్టోబర్ 4, సోమారం

31.

ముప్పై ఒకటి! ఇంత తక్కువ ఇప్పటిదాంక ఎవ్వడూ దాటలే. ఇంజన్ చప్పుడు తక్కువనే ఉన్నది, అల సుత పెద్దగ లేవలే. మోటరుకు ఏదో చేపిచ్చిండు, చప్పుడు రాకుంట. నేను కండ్లార్పలే. ప్రతి అడుగు చూసిన. వాడు నన్నే చూసుకుంట వచ్చిండు, మధ్యల ఒకసారి చెయ్యెత్తి చూపెట్టిండు, నేను మెల్లగనే వస్తున్న చూడు అన్నట్టు.

మూడో మార్కు.

మేడం వచ్చింది. సైదులు ఆమెతోని కొట్లాడలే. "మేడం, గాయన లెక్క తప్పు" అన్నడు అంతే. మేడం జర ఆలోచన చేసింది. "ఆయన లెక్క నేను స్వయంగా టెస్ట్ చేశాను సైదులూ. నిమిషానికి అరవై, ఒక్కటి కూడా తేడా లేదు. మిగతా ఐదు పడవలకు ఒక్క మార్కు లేదు. లెక్క తప్పైతే అందరికీ తప్పు రావాలి కదా" అన్నది.

శబాష్. గట్లుండాలె మాట.

పడవను గుంజకు తెచ్చి గొలుసేసి తాళమేసిండ్రు. సైదులు తాళం చెవి దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఎక్కేటోళ్లు అందరూ లింగయ్య పడవల ఎక్కిండ్రు.

అక్టోబర్ 5

ఇయ్యాల మనసు నిమ్మలంగ ఉన్నది. అన్నం మంచిగ తిన్న.

అక్టోబర్ 8, శుక్రారం

సుక్కమ్మ నాతోని మాట్లాడుత లేదు. మాట్లాడకుంటనే వినిపిచ్చేటట్టు మేకలకు చెప్తది. సైదులు సిమెంటు ఫ్యాక్టరీకి లోడింగు పనికి పోయిండట. బస్త ఎత్తుకొని నాలుగడుగులు ఏసి పడ్డడట. మేస్త్రి ఇంటికి పొమ్మన్నడట. "మనిషిని నీళ్ల మీదికెల్లి ఒడ్డుకు ఈడ్చిండ్రే" అని మేకతోని అంటది.

సైదులు మాత్రం రోజు పొద్దుగాల వచ్చి గొలుసేసిన పడవల కూసుంటడు. నీళ్లు తోడుతడు, తుడుస్తడు. నా దిక్కు చూడడు. ఏం ప్లాన్ చేస్తున్నడో.

అక్టోబర్ 14, బేస్తారం. ఇంటికాడ

సద్దుల బతుకమ్మకని మూడు రోజులు సెలవు దొరికింది. అండాలు అరుగు మీద కూసోని తంగేడు పూలు సర్దుతున్నది. లోపల మగ్గం మీద ఆమె నేస్తున్న చీర సగం ఉన్నది. నేను మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసున్న. నెల దాటింది మగ్గం ముట్టక.

మేడం నన్ను గడియారం అన్న ముచ్చట మల్ల చెప్పిన. మూడోసారి చెప్పుడట. అండాలు నవ్వి, సెల్లు పట్టుకొని వచ్చి, "ఏదీ, కొట్టు, నేను చూస్త నీ గడియారం" అన్నది.

ఉత్త నేత మీద నిమిషానికి అరవై కొట్టిన. చూసినవా అన్న. తర్వాత చీరల బొమ్మ మొదలైంది. చిటికి కట్టి రంగేసిన పోగులు గదా, జర జరిగినా బొమ్మ పాడైతది. అండాలు అప్పుడు సుత టైము పట్టింది.

నలభై ఆరు.

సెల్లు పాడైంది అన్న. మల్ల పట్టింది. నలభై ఐదు. నేను నోటితోని సుత లెక్కపెడుతున్న, నాకు నా చెయ్యి ఎక్కడా ఆగినట్టు లేదు.

"నీకు ఎర్కుండదయ్యా" అన్నది అండాలు. "పెండ్లైనకాంచి చూస్తున్న. పోగు జరిగిందేమోనని అనుమానం వస్తే నీ చెయ్యి ఆగుతది. చూసి, సర్ది, మల్ల కొడుతవ్. పోగు మంచిగున్నా సరే ఆగుతవ్. నా చీర ఐదు రోజులకు దిగితే నీది వారం పట్టేది గందుకే గదా."

మరి నోటి లెక్క ఎందుకు ఆగింది అన్న.

"నోరు చేతి ఎన్కనే పోతది" అన్నది, పూల కాడికి పోయింది.

బయట ఆడోళ్లు పాట అందుకున్నరు. నేను గుంటలకెల్లి లేవలే.

అదే రోజు

నిమిషానికి నలభై ఆరైతే నలభై సెకండ్లకు ఎంత? ముప్పై ఒకటి.

అయినా అది మగ్గం, ఇది పడవ. పడవకు చిటికి యాడున్నది?

అక్టోబర్ 15

దసరా. జమ్మి ఆకు ఇచ్చుకున్నం. అందరితోని అలాయ్ బలాయ్ తీస్కున్న. ఏం తిన్ననో గుర్తు లేదు.

లింగయ్య పడవప్పుడు సద్ది తిన్న. సైదులు పడవప్పుడు కండ్లార్పలే.

అక్టోబర్ 18, సోమారం

రేవుకు వచ్చిన. సైదులు పడవల కూసోని ఉన్నడు.

మేడం దగ్గరికి పోయి చెప్పిన. అనుమానం వస్తే నా లెక్క ఆగుతదని, సైదులు మీద అనుమానంతోని చూసిన కాబట్టి ఆగిందని, నలభై సెకండ్లల్ల వచ్చినా నాకు ముప్పై అయితదని. చెప్తుంటే నాకే పిచ్చి మాటల్లెక్క వినిపిచ్చింది. మేడం చెంప మీద చెయ్యేస్కొని విన్నది.

"మీకు ఎవరైనా ఏమైనా చెప్పారా? బెదిరించారా?" అన్నది. చూడు, అనుమానం నాకొక్కనికే లేదు.

లేదు మేడం, రేపు గొలుసు తీపిచ్చి సైదులుతోని పడవ నడిపియ్యుండ్రి, నేను లెక్కపెడుతా, మీరు సెల్లు పట్టుండ్రి, తేడా మీకే కనబడుతది అన్న. ఒప్పుకున్నది.

అక్టోబర్ 19, మంగళారం

పాడు పని అయింది.

గొలుసు తీసిండ్రు. సైదులు పడవ అవుతలికి తీస్కపోయి తిప్పుకొని వచ్చిండు. మేడం సెల్లు పట్టుకున్నది. సుక్కమ్మ మేకలిడిసి వచ్చి నిలబడ్డది. నేను తొడ మీద చెయ్యి పెట్టిన.

నేను అనుమానపడాలె. గప్పుడే తేడా కనబడుతది. వీడు మోసగాడు, మోటరుకు ఏదో చేపిచ్చిండు, చాపలతోని నన్ను కొనాలె అనుకున్నడు అని మనసుల అనుకుంటనే ఉన్న. ఎంత అనుకున్నా అనుమానం వస్తలేదు! వాడు ఒక కాలు మీద బరువేసి, చుక్కాని పట్టుకొని, భయం భయంగ వస్తున్నడు. వానికి ఎంత భయమో ఈడికెల్లి కనబడుతున్నది. ఏ పోగూ జరుగలే.

నా లెక్క 41. మేడం సెల్లు 41.

"చూశారా? మీ లెక్క కరెక్టే" అన్నది మేడం. "ఈ రోజు చూస్తున్నామని మెల్లగా వచ్చాడు. ఆ రోజు రాలేదు. మీరు మంచి మనసుతో అతన్ని కాపాడాలని చూస్తున్నారు రాంచందర్ గారూ, నాకర్థమైంది."

సైదులు పడవల నిలబడి మా ఇద్దరి దిక్కు చూస్తున్నడు. ఏమంటరో అని. మేడం చెయ్యి ఊపింది. మల్ల గొలుసేసిండ్రు.

నా మీద నాకు గింత కోపం ఎన్నడూ రాలే. మంచి మనసట!

అక్టోబర్ 20

పొద్దటి నుంచి మేడం గది ముంగటనే కూసున్న. చివరికి పిలిచింది.

"అనుమానం వచ్చి లెక్క మెల్లగైందని రాస్తే పైన ఎవరూ ఒప్పుకోరు. లెక్క కరెక్టని నేనే రెండుసార్లు రాశాను. మార్కులు కొట్టేయాలంటే ఒక్కటే దారి. మీరు కావాలని తప్పుడు మార్కులు వేశారని రాసివ్వాలి. కానీ అలా రాస్తే మీరు ఇక్కడే కాదు, ఏజెన్సీలో ఎక్కడా ఉండరు. నిజం కానిది ఎందుకు రాస్తారు? ఇంటికి వెళ్లి ఆలోచించండి."

నేనుండే గదికి వచ్చి ఆలోచన చేసిన. నిజం చెప్తే పడవ గొలుసుకే ఉంటది. అబద్ధం రాస్తే పడవ నీళ్లల్లకు పోతది. ఆలోచన చేసేటంత ఏమున్నది దీంట్ల? మగ్గం ఉన్నది నాకు. వానికి ఏమున్నది?

అయినా పొద్దుగూకేదాంక ఆలోచన చేసిన. దాచేదేముంది.

అక్టోబర్ 21, బేస్తారం

రాసిచ్చిన.

మేడం చదివి, ఇంకోసారి అడిగి, స్టాంపు ఏసింది. నాకొక జిరాక్స్ ఇచ్చింది. తర్వాత సైదులును పిలిచి నా కాయితం చదివి వినిపిచ్చింది, కానూన్ ప్రకారం వినిపియ్యాలెనట.

వాడు సంబురపడుతడనుకున్న. కనీసం పరేషాన్ అయితడనుకున్న. వాని మొఖంల ఏమీ మారలే.

"నాకు ముందే ఎర్కే మేడం" అన్నడు. "గాయన తప్పు లెక్కపెట్టిండని మీకు చెప్పిన గని, నా మనసుల నాకు ఎర్కే. కావాల్ననే ఏసిండు. మనిషిని చూసుకుంట చూసుకుంట రాసిండు. నేనేం జేసిన అని రోజు గా పడవల కూసోని ఆలోచన చేసిన. ఏం దొరకలే."

సైదులూ, కావాల్నని కాదు అని నోటిదాంక వచ్చింది. కాయితం మీద నా సంతకం తడి ఆరలే. మేడం నా దిక్కు చూసింది. మింగిన.

తాళం తీసిండ్రు. సైదులు గొలుసు విప్పి ఒడ్డు మీద పడేసి, నా పక్క నుంచే పోయి పడవ ఎక్కిండు. బయటికి వచ్చినంక సుక్కమ్మ నన్ను ఆపి, "ఎందుకు జేసినవ్ తమ్మీ?" అని అడిగింది, మెల్లగ, తిట్టకుంట. తిడితే బాగుండేది.

అక్టోబర్ 22. ఇంటికాడ

బట్టలు మూట కట్టుకొని హుజూర్‌నగర్ల బస్సెక్కి వచ్చిన. అండాలుకు మొత్తం చెప్పిన. నా నౌకరి పోవుడుకు ఏమనలే. "మంచి పని చేసినవయ్యా, అబద్ధం చెప్పి అయినా ఒకని ఇల్లు నిలబెట్టినవ్. ఏదీ, ఏం రాసినవో చూపియ్యి" అన్నది.

జిరాక్స్ ఇచ్చిన. ఆమె పైకి చదివింది. "సైదులు అనే అతని మీద మొదటి రోజు నుంచి కోపం పెట్టుకొని, అతనొక్కన్నే పని పెట్టుకొని చూసి, సెల్లు పెట్టి చూడుమని బతిలాడినా చూడక, అతని బతుకు ఆగమైతదని తెలిసి సుత, మూడుసార్లు తప్పు మార్కు ఏసిన."

చదివి, కాయితం మడతపెట్టి, నా మొఖం చూసింది.

"దీంట్ల అబద్ధం యాడున్నదయ్యా?" అన్నది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగనే అడిగింది. ఇయ్యి అని తీస్కున్న. అద్దాలు పెట్టుకొని చదువుతున్న, ఇప్పటికి నాలుగోసారి. ఒక్క ముక్కన్న కొట్టేయొచ్చు అనుకొని పెన్ను పట్టుకున్న. ఇంకా దొరకలే.